తలుపు తీసేలోపు రెండు నిమిషాలు

జూన్ 4

అక్కా,

ఈ ఉత్తరం ఇంటికి రాకుండా నీ క్లినిక్‌కి ఎందుకు వచ్చిందా అని కంగారు పడకు. నాకేం కాలేదు. వేళకి తింటున్నాను, జ్వరం లేదు, జుట్టు కూడా ఊడటం తగ్గింది. ఇంటికి రాస్తే కవరు నాన్న చింపుతాడు, పైకి చదువుతాడు, మధ్యమధ్యలో నా తప్పులు దిద్దుతాడు. ఇంటివాళ్ళ ఫోనుకి చేస్తే కింద వాటా మొత్తం చెవులు రిక్కించుకుని వింటుంది. అందుకని ఇలా.

అసలు సంగతి చెబుతాను. ఒక సినిమా టైటిల్స్ మొత్తం నా ఒక్కదానికే అప్పగించారు. నాలుగేళ్ళుగా మా పెద్దాయన గీసిన అక్షరాలకి రంగు నింపడం, కార్డులు ఆరబెట్టడం, కెమెరా కింద దుమ్ము ఊదడం, ఇంతేగా నా పని! ఇప్పుడాయనకి కంటి ఆపరేషన్ అయింది. రెండు నెలలు బ్రష్షు ముట్టుకోకూడదట. డైరెక్టరు గుమ్మంలో నిలబడి "మరి నా సినిమా సంగతేంటండీ?" అంటే, పెద్దాయన కంటికి కట్టుతోనే నావైపు వేలు చూపించాడు. ఆ వేలు కూడా నావైపు లేదు, నా పక్కనున్న బీరువా వైపుంది. డైరెక్టరే అర్థం చేసుకున్నాడు.

టైటిల్స్ అంటే పేర్లు వరసగా రాయడమేగా అని నువ్వనుకుంటావు. చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. హాల్లో లైట్లు ఆరిపోయాక కూడా జనం ఇంకా సీట్లు వెతుక్కుంటూ, కాళ్ళు తొక్కుకుంటూ, ఇంట్లో స్టవ్ కట్టేశామా అనుకుంటూ ఉంటారు. వాళ్ళకి కథ తెలీదు. ఆ రెండు నిమిషాల్లో నేను వాళ్ళ చెవిలో చెప్పాలి: నవ్వడానికి రెడీగా ఉండండి, లేదంటే రుమాలు చేతిలో పెట్టుకోండి, లేదంటే పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి అని. కథ ఒక్క ముక్క కూడా బయటపెట్టకుండా చెప్పాలి. నాకు రెండు నిమిషాల పది సెకన్లు ఇచ్చారు.

సినిమాలో ఒక ఇల్లు, ఒక తండ్రి, ఇద్దరు ఆడపిల్లలు. తండ్రి రోజూ సాయంత్రం ఇంటికొస్తాడు. టైటిల్స్‌లో మనిషి కనబడకూడదు, వస్తువులే కనబడాలి అన్నాడు డైరెక్టరు. నాకు వెంటనే మన ఇల్లే గుర్తొచ్చింది. నాన్న ఆఫీసు బూట్లు, తాళాల గుత్తి, కళ్ళజోడు పెట్టె, ఆ గుండ్రటి అలారం గడియారం, రేడియో పంపగలవా? కొత్తవి తెచ్చి పెడితే అవి కొట్లో వస్తువుల్లాగే కనబడుతున్నాయి.

నాన్నకి ఏమని చెబుతావో నీ ఇష్టం. ఏమీ చెప్పకపోతే మరీ మంచిది.

నీ
పిచ్చుక


జూన్ 15

పిచ్చుకమ్మకి,

అక్క ఆశీస్సులు. పొద్దున్నించి ఖాళీ కడుపుతో వచ్చిన ఇరవై ముగ్గురికి రక్తం తీసి, చేతులు కడుక్కుని ఇది రాస్తున్నాను. ఒక పెద్దమనిషి సూది చూడకముందే, నేను దూది చేతిలోకి తీసుకోగానే కళ్ళు తేలేశాడు. లేపి కూర్చోబెడితే "అయిపోయిందామ్మా?" అన్నాడు. ఇంకా మొదలే పెట్టలేదంటే నమ్మడు.

నీ మొదటి పని అని చదవగానే ఎంత సంతోషించానో! అమ్మ ఉంటే కింద వాటావాళ్ళకి, ఎదురింటివాళ్ళకి, పాలాయనకి కూడా చెప్పేది. ఆ లోటు నాన్న తీరుస్తున్నాడులే. అవును, నాన్నకి తెలిసిపోయింది. నీ కవరు నా సంచిలోంచి జారిపడింది. చదవలేదు, చేతివ్రాత చూసి "ఏమంటుంది?" అన్నాడు. సినిమాకి నీ బూట్లు కావాలంటోంది అని చెప్పేశాను. ఆ మొహం నువ్వు చూసి తీరాల్సింది. రిటైరైన రోజు దండ వేసినప్పుడు కూడా అంత వెలగలేదు. తనే కూర్చుని పాలిష్ పెట్టాడు. మొదట గుడ్డతో, తరవాత బ్రష్షుతో, మళ్ళీ గుడ్డతో. పార్సిల్ కట్టి, లోపల వస్తువుల జాబితా కూడా పెట్టాడు. ముప్ఫయ్యేళ్ళు కొట్ల చుట్టూ తిరిగి తూకాలు తనిఖీ చేసిన మనిషి, జాబితా లేకుండా పంపుతాడా?

"టైటిల్స్ అంటే పేర్లేగా? చివర్లో కృతజ్ఞతలు అని వేస్తారు, అందులో నా పేరు వేయించమను" అంటున్నాడు. తమాషాకి కాదు, నిజంగానే అడుగుతున్నాడు.

గుండె డాక్టరు అరవొద్దన్నాడని రాశానుగా. ఇప్పుడు చప్పట్లు నేర్చుకున్నాడు. ఒక్కసారి కొడితే మంచినీళ్ళు, రెండుసార్లయితే పేపరు, మూడుసార్లయితే నేనేదో తప్పు చేశానని. ఏం తప్పో నేనే కనుక్కోవాలి.

తండ్రి, ఇద్దరు కూతుళ్ళు అంటే నవ్వుల సినిమాయే అయ్యుంటుంది. మొదట్లో బొమ్మలు గెంతుతుంటే పేర్లు పల్టీలు కొడుతూ వస్తాయే, అలాంటిదేనా? నాన్నకి అలాగే చెప్పాను.

రేడియో లేదు. బల్ల మీంచి కిందపడి పగిలింది, నీకు గుర్తులేదా? మిగతావి పంపాం.

ఆరోగ్యం జాగ్రత్త. టీలు తగ్గించు.

అక్క


జూన్ 27

అక్కా,

పార్సిల్ చేరింది. బూట్లు తీసి బల్ల మీద పెట్టగానే నాకు ఏడుపొక్కటే తక్కువ. అద్దంలా మెరుస్తున్నాయి! నాకు కావలసినవి ఆఫీసు నుంచి వచ్చిన బూట్లు, పెళ్ళికి వెళ్ళే బూట్లు కాదు. రెండు రోజులు దుమ్ములో దొర్లించి, తడిపి, ఎండబెట్టి పాతవి చేశాను. నాన్నకి చెప్పకు.

మా గది నువ్వు చూడలేదు కదా. టైర్ల కొట్టు పైన మూడో అంతస్తు. కిటికీలకి నల్ల కాగితం. మధ్యలో బల్ల, బల్ల మీదికి వంగి చూస్తున్న కెమెరా. తాళాల గుత్తిని అంత దగ్గరగా తీస్తే అది తాళాల గుత్తిలా ఉండదక్కా. ఒక్కో తాళంచెవికి పళ్ళుంటాయని నాకు ఇన్నాళ్ళూ తెలీదు. దీపం ముందు పెడితే మామూలు వస్తువు. పక్కకి జరిపి కింద పెడితే, దాని నీడ దానికంటే పెద్దదై గోడంతా పాకుతుంది.

అక్షరాలు మూడు రకాలుగా రాసి చూశాను. గుండ్రంగా, లావుగా, తలకట్లు కాస్త వంకరగా పెడితే అవే బూట్లు జోకర్ బూట్లయిపోయాయి. సౌండాయన దానికి ఒక పిల్లనగ్రోవి ముక్క కలిపాడు, కింద కొట్టతను వచ్చి చూసి పకపకా నవ్వాడు. కుదురుగా, ఒద్దికగా, పుస్తకంలో అచ్చులాగా రాస్తే ఎవరో మహానుభావుడి జీవితచరిత్ర అయింది. మూడోసారి సన్నగా, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఊపిరి బిగబట్టినంత ఎడం వదిలి రాశాను. సంగీతం తీసేయించాను. బూట్ల చప్పుడు, మెట్లు, తాళంచెవి, గడియారం. అంతే. కొట్టతను ఈసారి నవ్వలేదు. "ఎవరు వస్తున్నారమ్మా?" అని అడిగి, జవాబు వినకుండానే కిందకి వెళ్ళిపోయాడు.

డైరెక్టరు మూడోది రెండుసార్లు వేయించుకుని చూశాడు. "ఇదే" అన్నాడు.

నువ్వనుకున్నంత నవ్వులాటగా ఉండదక్కా. అదొక్కటీ నాన్నకి ఎలా చెబుతావో.

ఒక్క సాయం చెయ్యి. ఆ పాత ఇంట్లో మనకి ఎన్ని మెట్లు? పద్నాలుగా, పదహారా? నాన్న మధ్యలో ఎక్కడో ఆగేవాడు కదా, అది ఎన్నో మెట్టు? చప్పుడు సరిగ్గా ఉండాలి.

పిచ్చుక


జూలై 10

చెల్లాయికి,

మెట్లు పదహారు. నాకు అనుమానమొచ్చి నాన్ననే అడిగాను. కళ్ళు మూసుకుని వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పాడు. "మధ్యలో ఆగేవాడివిట కదా నాన్నా" అంటే, "నేనెందుకు ఆగుతాను? గబగబా ఎక్కేసేవాణ్ణి" అన్నాడు. కాబట్టి ఆగకుండా చేయించు.

నవ్వులాటగా ఉండదు అంటే ఏమిటి? ఏడుపు సినిమానా? అదైనా ఫరవాలేదు. తండ్రి చనిపోతాడా ఏంటి? అలా ఉంటే ముందే చెప్పు, గుండెజబ్బు మనిషిని హాలుకి తీసుకెళ్ళాలి. ఎందుకంటే వెళ్దామని అప్పుడే తీర్మానం అయిపోయింది. కింద వాటావాళ్ళు, పేపరేసే ఆయన, మా క్లినిక్ డాక్టరమ్మ, అందరికీ చెప్పేశాడు. "మా చిన్నది తీసిన సినిమా" అంటున్నాడు. తీయలేదు నాన్నా, మొదట్లో పేర్లు మాత్రమే అంటే, "మొదలు బాగుంటేనే కదా తరవాత చూసేది" అంటాడు. నువ్వు రాసిందే ఆయనా అన్నాడు చూడు!

డాక్టరమ్మ నన్ను పిలిచి, నాన్న రిపోర్టు ఈసారి బాలేదంది. కోపతాపాలు పెట్టుకోవద్దంది. నేను నవ్వాను. ఆయన జోలికి ఎవరు వెళ్తున్నారని? ఇంట్లో చప్పట్లు తప్ప వేరే చప్పుడే లేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కొట్టతను భయపడ్డాడని రాశావు. బూట్లు చూస్తే భయమెందుకే? నాకేం అర్థం కాలేదు.

అక్క


జూలై 21

అక్కా,

తొందరలో రాస్తున్నాను. నిన్న ప్రివ్యూ వేశారు. ముప్ఫైమంది వచ్చారు. ముందు వరసలో ఒకావిడ, టైటిల్స్ మొదలైన నిమిషానికి చెప్పులు వదిలేసి కాళ్ళు సీటు మీదికి ముడుచుకుంది. నేను గోడకానుకుని ఆవిణ్ణే చూస్తున్నాను. సంతోషపడాలి కదా? సంతోషం రాలేదు. చిన్నప్పుడు నేను కూడా అలాగే ముడుచుకునేదాన్ని.

మెట్లమీద ఆగడం నేను తీసేయలేదక్కా, నాకు గుర్తున్నంతలో ఏడో మెట్టు దగ్గర పెట్టాను. నాన్న చెప్పింది ఆయనకి గుర్తున్నది. నాకు వినబడింది వేరే.

భయపెట్టే సినిమా ఇది. ముందే రాయాల్సింది. రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నువ్వు నవ్వుల సినిమా అని రాశాక, నాన్న పాలిష్ పెట్టాడని రాశాక, నా చెయ్యి సాగలేదు. ఆ తండ్రిని సినిమాలో కూడా ఎవరూ చెడ్డవాడనరు. అతను వచ్చేముందు ఆ ఇల్లు ఎలా ఉంటుందో అదే కథ.

ఇప్పుడు నా అసలు భయం చెబితే వినేదానివి నువ్వొక్కదానివే. డైరెక్టరు సినిమాకి ప్రకటనగా టైటిల్స్‌నే కోసి టీవీలో వేస్తానంటున్నాడు. ఈ వారంలోనే. ఎలాగైనా నాన్నని టీవీ ముందు కూర్చోనివ్వకు. కింద వాటావాళ్ళకి చెప్పు. యాంటెన్నా పీకెయ్. ఏదో ఒకటి చెయ్యి.

పిచ్చుక


జూలై 23

చూశాం.

నీ ఉత్తరం ఏదైనా దారిలో ఉందేమో నాకు తెలీదు. ఉన్నా అవసరం లేదు. నిన్న సాయంత్రం కింద వాటా ఆవిడ "మీ అమ్మాయిదే, మీ అమ్మాయిదే" అని కేకలేసి పిలిచింది. నాన్న పంచె సర్దుకుని, తల దువ్వుకుని దిగాడు. ఆయన కోసం ముందు కుర్చీ వేశారు. పదిహేనుమంది ఉన్నారు గదిలో.

బూట్లు వచ్చాయి. "అవి నావే" అన్నాడు. తాళాలు వచ్చాయి. "అవీ నావే" అన్నాడు. ఆ తరవాత ఆ మెట్లు. ఆ ఆగడం. తలుపు గడియ. ఆవిడ మనవరాలు గుక్కపెట్టి ఏడుస్తూ వాళ్ళమ్మ ఒళ్ళో దూరింది. ఆవిడేమో "అబ్బ, భలే భయంగా తీసిందండీ మీ అమ్మాయి!" అని మెచ్చుకుంది. గదిలో అందరూ నాన్నని చూశారు. ఆయన లేచి పైకి వచ్చేశాడు.

ఆ క్షణం నుంచి మాట్లాడటం లేదు. చప్పట్లు కూడా లేవు. ఈరోజు మందులకని వెళ్ళి తిరిగొస్తూ, చెప్పులు కింద విప్పి చేత్తో పట్టుకుని వట్టికాళ్ళతో మెట్లెక్కాడు. నేను తలుపు తీసేదాకా ఆయన వచ్చాడని నాకు తెలీదు.

ఏం చేశాడే నిన్ను? ఒక్క దెబ్బ వేశాడా? నీ చదువు ఆపాడా? కోపిష్టి మనిషి, ఒప్పుకుంటాను. ఊళ్ళో కోపిష్టి తండ్రులు లేరా? వాళ్ళ కూతుళ్ళందరూ ఇంటిని దెయ్యాలకొంప చేసి ఊరికి చూపిస్తున్నారా? ఆ బూట్లకి ఆయన తన చేత్తో పాలిష్ పెట్టాడు.

నాకు రాయకు కొన్నాళ్ళు.


ఆగస్టు 2

అక్కా,

రాయొద్దన్నావు. రాయకుండా ఉండలేను. నా ఉత్తరం నీకు మర్నాడు చేరి ఉంటుంది. ఒక్కరోజు ఆలస్యం.

డైరెక్టరు దగ్గరికి వెళ్ళాను. టైటిల్స్ మార్చండి, లావు అక్షరాలతో ఇంకోటి చేసిస్తాను అన్నాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ప్రింట్లన్నీ వెళ్ళిపోయాయట. పోనీ నా పేరైనా తీసేయండి అన్నాను. చివరి ప్రింట్లలో కుదురుతుందేమో చూస్తానన్నాడు. పెద్దాయనకి తెలిసి కబురు పెట్టాడు: "నీకు నచ్చని పని కింద నీ పేరు ఉండకూడదు, నిజమే. నచ్చిన పని కింద లేకపోతే మాత్రం నువ్వు ఇంకో పని చూసుకో." నాకు ఏం చెయ్యాలో తోచడం లేదు.

ఏం చేశాడు అని అడిగావు. ఏమీ చెయ్యలేదు. అదే నేను ఎవరికీ చెప్పుకోలేకపోయింది. చెప్పడానికి ఒక్క దెబ్బ కూడా లేదు. కానీ స్కూటర్ స్టాండు వేసిన చప్పుడు వినగానే నేను పుస్తకం మూసి మంచం కిందకి వెళ్ళిపోయేదాన్ని. స్టాండు ఎలా పడింది, తాళాలు ఎలా మోగాయి, మెట్లమీద ఆగాడా లేదా. తలుపు తీసేలోపే ఆ సాయంత్రం ఎలాంటిదో తెలిసిపోయేది. కంచం ఎగురుతుందా, అమ్మ వారం రోజులు మౌనంగా ఉంటుందా, లేక అందరం నవ్వుతూ అన్నం తింటామా. నా పని అదేగా ఇప్పుడు? బొమ్మ మొదలవకముందే అది ఏ బొమ్మో చెప్పడం. నాకు ఎవరూ నేర్పలేదు, నాకు ముందే వచ్చు.

నీకు ఎందుకు అర్థం కాలేదో నాకు తెలుసు. నువ్వు ఆయన పార్టీ. నేను మంచం కింద దుమ్ములో ఉంటే, నువ్వు పైన కూర్చుని ఆయనతో నవ్వుతుండేదానివి. నీ నవ్వు నాకు వినబడేది. నాకొక్కదానికే భయమా, నాలోనే ఏదో లోపముందా అనుకునేదాన్ని. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను.

నాన్న మాట్లాడుతున్నాడా? ఆ ఒక్క ముక్కా ఒక కార్డు మీద రాసి పడెయ్.

నీ చెల్లెలు


ఆగస్టు 14

పిచ్చుకా,

నీ ఉత్తరం క్లినిక్‌లో చదివాను. చదివి, వెనక గదిలో సీసాలు కడిగే చోట అరగంట కూర్చున్నాను. బయట జనం చొక్కా చేతులు మడుచుకుని ఎదురుచూస్తున్నారు.

నేను నవ్వింది నవ్వొచ్చి కాదే.

నువ్వు మంచం కింద ఉన్నావని నాకు తెలుసు. నీ కాలివేళ్ళు బయటికి కనబడేవి. ఆయన లోపలికి రాగానే నేను ఎదురెళ్ళి "ఇవాళ ఏ కొట్టువాణ్ణి పట్టుకున్నావు నాన్నా?" అని అడగాలి. అడగడం ఒక్క నిమిషం ఆలస్యమైతే ఆయన చూపు గదంతా తిరిగేది, ఏదో ఒక తప్పు దొరికేది. వెంటనే అడిగితే కుర్చీలో కూర్చుని, ఆ కొట్టువాడు తూకంరాయి ఎలా దాచాడో, ఎలా నీళ్ళు నమిలాడో చేసి చూపించేవాడు. నేను పగలబడి నవ్వేదాన్ని. అదే కథ పదిసార్లు చెప్పినా నవ్వాలి. నాకు అప్పటికి పన్నెండేళ్ళు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, ఇంకా నవ్వు, ఇంకా నవ్వు అన్నట్టు చూసేది.

ఏడో మెట్టు దగ్గర ఆగేవాడు. ఆగి ఊపిరి పీల్చుకుంటే ఫరవాలేదు. ఆగి తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటే ఆ రోజు ఇక కష్టం. నీకు ఆగడం ఒక్కటే వినబడింది. నాకు చేతులు మారడం కూడా వినబడేది. ఇంటిని దెయ్యాలకొంప చేశావన్నాను కదా, నేను దానికి కాపలాదాన్ని.

ఇంకొకటి. రేడియో బల్ల మీంచి పడలేదు. గోడకి తగిలి పగిలింది. నువ్వు అప్పటికి స్కూలు నుంచి రాలేదు. ముక్కలు నేనూ అమ్మా ఏరాం. పడి పగిలిందని నీకు చెప్పింది నేనే. ఆ మాట ఎన్నిసార్లు చెప్పానో, జూన్‌లో నీకు రాసినప్పుడు నిజమనుకునే రాశాను. నీ ఉత్తరం చదివాకే ముక్కలు ఏరింది గుర్తొచ్చింది.

ఇప్పుడు సూది గుచ్చేటప్పుడు కూడా నేను జోకులేస్తాను. డాక్టరమ్మ మెచ్చుకుంటుంది, నీ చేతిలో ఎవరూ ఏడవరు అంటుంది. ఎక్కడ నేర్చుకున్నావని ఒకసారి అడిగింది. దానికీ ఒక జోకేశాను.

నీ పేరు తీయించకు. తీయించి ఉంటే మళ్ళీ పెట్టించు. కాళ్ళావేళ్ళా పడైనా సరే.

నాన్న నిన్న మాట్లాడాడు. ఒక్కటే మాట. "సినిమా ఎప్పుడు?" అన్నాడు. పేపర్లో ప్రకటన కత్తిరించి జేబులో పెట్టుకున్నాడు. ఎంత చెప్పినా వినడు. నాకు భయంగా ఉంది. ఇది మటుకు నవ్వి దాటేసే భయం కాదు.

అక్క


ఆగస్టు 22

అక్కా,

తీసుకెళ్ళకు. నీకు దణ్ణం పెడతాను. టీవీలో చూసింది ముప్ఫై సెకన్లు. హాల్లో రెండు నిమిషాల పది సెకన్లు, నాలుగు వైపులా చప్పుడు. సౌండాయన ఆ మెట్లని ఖాళీ గోడౌన్‌లో తీశాడు, కుర్చీల్లోంచి వణుకు వస్తుంది. ఆయన రిపోర్టు బాలేదని నువ్వే రాశావు. ఆయనకేమైనా అయితే నేను మళ్ళీ ఒక్క అక్షరం రాయలేను.

పేరు ఉంది. డైరెక్టరు అసలు తీయనేలేదట. "మర్చిపోయానమ్మా" అన్నాడు, నా మొహం చూడకుండా.

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. దాని గురించి ఇప్పుడు రాయలేను. పన్నెండేళ్ళు! నాకు ఆరేళ్ళు కదా అప్పుడు. నేను కింద దుమ్ములో దాక్కుని నీ మీద కోపం పెంచుకున్నాను.

శనివారం బండికి బయల్దేరి వస్తాను. నేను వచ్చేదాకా ఆయన్ని ఆపు.

పిచ్చుక


ఆగస్టు 27

పిచ్చుకా,

నీ ఉత్తరం చేరేసరికి నాన్న టికెట్లు తెచ్చేసుకున్నాడు, ఆపలేకపోయాను, హాలుకి వెళ్ళి వచ్చేశాం. ఎలాగూ బయల్దేరుతున్నావుగా, బండెక్కకముందే ఇది నీకు అందాలని మా డాక్టరమ్మ డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. ఆయన మీ వైపే వస్తున్నాడు. ముందుగా అసలు మాట: నాన్న బాగున్నాడు. బీపీ నేనే చూశాను, రెండుసార్లు చూశాను. ఇక నెమ్మదిగా చదువు.

మధ్యాహ్నం ఆటకి వెళ్ళాం. బాగా జనం. నేను సంచిలో మాత్రలు, నీళ్ళసీసా, క్లినిక్ నుంచి తెచ్చిన బీపీ మిషను పెట్టుకుని యుద్ధానికి వెళ్తున్నట్టు వెళ్ళాను. లైట్లు ఆరాయి. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. ప్రేమతో అనుకున్నాడేమో, నేను నాడి లెక్కపెడుతున్నాను.

పేర్లు మొదలయ్యాయి. అక్షరాల మధ్య ఆ ఎడం నువ్వు రాస్తే అర్థం కాలేదు. తెరమీద చూస్తే, ఒక పేరు పూర్తిగా వచ్చేదాకా నేనే ఊపిరి బిగబట్టాను. బూట్లు. తాళాలు. కళ్ళజోడు పెట్టె మూత పడినప్పుడు హాలంతా ఉలిక్కిపడింది. ఆ తరవాత మెట్లు. మాట్లాడుకుంటున్న వెనక వరసవాళ్ళు ఆపేశారు. ఎవరో పిల్ల "అమ్మా, వెళ్ళిపోదాం" అంది.

నాన్న తెర చూడలేదు. తల తిప్పి జనాన్ని చూశాడు. తెర వెలుగులో వరసలు వరసలుగా మొహాలు. అందరూ వచ్చేవాడి కోసం చూస్తున్నారు. ఆయన ఒక్కో మొహం చూశాడు. ఏడో మెట్టు దగ్గర చప్పుడు ఆగింది. తాళాలు చేతులు మారాయి. అది నీకు తెలీదనుకున్నాను, నువ్వు పెట్టావు. నీకూ వినబడేదన్నమాట, అది ఏమిటో తెలీకపోయినా.

అప్పుడు నా చెవి దగ్గరికి వంగాడు.

"అంత గట్టిగా ఉండేదా?"

ఎప్పటిలాగే ఏదో ఒకటి చెప్పి నవ్వించడానికి నోరు తెరిచాను. నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"ఉండేది నాన్నా."

"దానిక్కూడానా?"

"ఇద్దరికీ."

నీ పేరు వచ్చింది. అది పోయేదాకా కూర్చున్నాడు. తరవాత లేచి, జనం కాళ్ళు తొక్కకుండా జాగ్రత్తగా, మెత్తగా నడిచి బయటికి వెళ్ళిపోయాడు. నీకు తెలుసుగా, ఆయన లేస్తే నేనూ లేస్తాను. పెళ్ళి విందులో సగం అన్నంలో లేచాను, అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు డాక్టరు మాట సగంలో లేచాను. ఈసారి లేవడానికి సీటు చేతులు పట్టుకున్నాను కూడా. కానీ కూర్చుండిపోయాను. ఆయనకేమైనా అవుతోందేమో, మెట్లమీద పడ్డాడేమో అని పది నిమిషాలకొకసారి అనిపిస్తూనే ఉంది. ఒకసారి వెళ్ళి తలుపు సందులోంచి చూసి వచ్చాను. టికెట్ల కిటికీ ఎదుట బల్ల మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మళ్ళీ వచ్చి చివరిదాకా చూశాను. మీ సినిమా రెండో సగం కాస్త సాగింది, మీ డైరెక్టరుకి చెప్పు.

బయటికి వచ్చేసరికి అక్కడే ఉన్నాడు. నాకోసం సోడా పట్టుకున్నాడు, గ్యాసంతా పోయింది. ఎంతసేపు ఎదురుచూశాడో. ఎందుకు రాలేదు అంటాడని చూశాను. అనలేదు. బస్సు స్టాపు దాకా నడిచాం. సగం దారిలో అడిగాడు.

"ఆ పిల్లలిద్దరూ చివరికి ఏమయ్యారు?"

సినిమాలో పిల్లల గురించే అడిగాడో, లేదో. నేనేం తేల్చుకోలేదు.

"పెద్దదానికి ఇంకా చప్పుళ్ళు వినబడతాయి నాన్నా" అన్నాను. "చిన్నది శనివారం వస్తోంది."

తేదీ అడిగాడు. బండి ఎన్నింటికో అడిగాడు. నాకు తెలీదంటే, స్టేషనుకి ఫోన్ చేసి కనుక్కోమన్నాడు. తరవాత, "నేను వస్తే దానికి ఇబ్బందేమో, నువ్వొక్కదానివే వెళ్ళు" అన్నాడు. పిచ్చుకా, అవతలివాళ్ళకి ఇబ్బందేమో అని ఆయన అడగడం నేను మొదటిసారి విన్నాను. దాన్నే అడుగుతానన్నాను.

అందుకే అడుగుతున్నాను. డ్రైవరు సాయంత్రం దాకా అక్కడే ఉంటాడు. రమ్మనమంటావో, వద్దంటావో ఒక కాగితం మీద రాసి ఇవ్వు. వద్దన్నా ఏమీ అనుకోడు. అనుకున్నా నేను చూసుకుంటాను.

నీ
అక్క


అదే రోజు, డ్రైవరు చేతికి

అక్కా,

రమ్మను. కానీ ప్లాట్‌ఫారం మీద నువ్వు ముందుండు.